బొమ్మ రైలు సిగ్నళ్లకు కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి: నాలుగు సరఫరాలు, రెండేళ్ల అనుభవం

సికింద్రాబాదులో మా ఇంటి పైగదిలో, ఎనిమిది అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల మీద, 1:87 నిష్పత్తిలో ఒక చిన్న జంక్షన్‌ను కట్టుకున్నాను. రైళ్ల కంటే నాకు సిగ్నళ్ల మీదే మక్కువ ఎక్కువ కాబట్టి, ఆ చిన్న బల్ల మీద పద్నాలుగు సిగ్నళ్లు నిలబెట్టాను. గడిచిన రెండేళ్లలో ఆ సిగ్నళ్లకు నాలుగు రకాల విద్యుత్ సరఫరాలను ఒకదాని తర్వాత ఒకటిగా వాడాను. అవి పాత రైలు సెట్టుతో వచ్చిన 16 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్, బజారులో సీసీ కెమెరాల కోసం అమ్మే 12 వోల్టుల 5 ఆంపియర్ల జాలీ ఎస్.ఎం.పి.ఎస్. (చిల్లుల లోహపు పెట్టెలో ఉండే సరఫరా), ఇంటర్నెట్ రౌటర్లకు వాడే తరహా 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్, చివరగా మీన్ వెల్ సంస్థ తయారుచేసే హెచ్.డి.ఆర్-30-12 అనే రైల్ మౌంట్ (అంటే కరెంటు పెట్టెలోని లోహపు పట్టీ మీద బిగించే) పవర్ సప్లై. ఈ నాలుగింటిలో మొదటిది ఇప్పటి సిగ్నళ్లకు సరిపడనిదని, రెండవది ఇంట్లో ఉంచదగనిదని, మిగిలిన రెండూ నమ్మదగినవని తేల్చుకున్నాను. అయితే ఆ రెండింటిలో ఎవరికి ఏది తగునన్నది వేరే మాట. దానికి కారణాలు వివరంగానే చెప్పవలసి ఉంది.

ఏ సరఫరా కొనాలో తేల్చుకునే ముందు, అసలు ఎంత కరెంటు కావాలో కాగితం మీద లెక్క వేసుకోవాలి. నేను ఆ పని మొదట చేయకపోవడం వల్లే తప్పుడు వస్తువు కొన్నాను. నా పద్నాలుగు సిగ్నళ్లలో పది ప్రధాన సిగ్నళ్లు, అంటే స్టేషన్‌కు వచ్చే, స్టేషన్ నుంచి వెళ్లే రైళ్లకు దారి చూపే డిస్టెంట్, హోమ్, స్టార్టర్, అడ్వాన్స్‌డ్ స్టార్టర్ సిగ్నళ్లు. మన రైల్వేల నాలుగు సూచనల (ఎరుపు, పసుపు, జంట పసుపు, ఆకుపచ్చ) పద్ధతిలో ఒక సిగ్నల్‌లో ఒకేసారి వెలిగే దీపాలు ఎక్కువలో ఎక్కువ రెండు, అది కూడా జంట పసుపు చూపినప్పుడు మాత్రమే. అన్నీ ఒకేసారి జంట పసుపు చూపడం అసంభవమే అయినా, భద్రత కోసం అలాగే అనుకుంటే ఇరవై దీపాలు. మిగిలిన నాలుగూ షంట్ సిగ్నళ్లు, అంటే స్టేషన్‌లో బోగీలనూ ఇంజన్లనూ అటూ ఇటూ జరిపేటప్పుడు వాడేవి. వాటిలో ఆగమన్నా, కదలమన్నా రెండేసి తెల్ల దీపాలు వెలుగుతూనే ఉంటాయి కనుక మరో ఎనిమిది. రెండు హోమ్ సిగ్నళ్ల నెత్తిన ఉన్న దారి సూచికల్లో ఐదేసి దీపాల చొప్పున పది. మొత్తం ముప్పై ఎనిమిది ఎల్.ఇ.డి.లు. ఒక్కొక్కటి 10 మిల్లీఆంపియర్లు తీసుకుంటుందని అనుకున్నా 380 మిల్లీఆంపియర్లు, అంటే అర ఆంపియర్ కూడా కాదు. ఈ రోజుల్లో దొరికే ఎల్.ఇ.డి.లు 2 మిల్లీఆంపియర్ల దగ్గరే కంటికి ఇంపుగా వెలుగుతాయి. 12 వోల్టులకు, కరెంటును అదుపు చేసే రెసిస్టర్‌ను 4.7 కిలో ఓములది పెడితే దాదాపు అంతే ప్రవహిస్తుంది. 10 మిల్లీఆంపియర్ల దగ్గర అవి నిజమైన సిగ్నల్‌లాగా కాక కారు హెడ్‌లైటులాగా కనిపిస్తాయి. సిగ్నళ్లను మార్చడానికి నేను పది రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు) కూడా వాడాను. 12 వోల్టుల చిన్న రిలే ఒకటి సుమారు 30 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది కనుక అవన్నీ ఒకేసారి పట్టినా 300 మిల్లీఆంపియర్లు. అన్నీ కలిపినా ముప్పావు ఆంపియర్ దాటదు.

ఇంత చిన్న అవసరానికి నేను మొదట 5 ఆంపియర్ల సరఫరా కొన్నాను. కోఠిలోని గుజరాతీ గల్లీలో దుకాణదారు "ఎక్కువ ఆంపియర్లు ఉంటే మంచిదే సార్, వేడెక్కదు, ఎన్నాళ్లైనా వస్తుంది" అని చెప్పాడు. ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సరఫరా వేడెక్కదు, నిజమే. అయితే వేడెక్కేది దానికి తగిలించిన తీగ. ఈ ఒక్క సంగతి అర్థం చేసుకోవడానికి నాకు ఒక సిగ్నలూ, ఒక థర్మోకోల్ కొండా ఖర్చయ్యాయి.

సిగ్నల్ స్తంభం లోపల నుంచి కిందికి దిగే ఎనామెల్ (సన్నని పూత వేసిన) తీగ వెంట్రుక కంటే కాస్త మందంగా, 0.1 మిల్లీమీటరు ఉంటుంది. అంత సన్నని రాగి తీగకు మీటరుకు సుమారు 2.2 ఓముల నిరోధం ఉంటుంది. నా స్టార్టర్ సిగ్నల్ ఒకదానికి అటు డెబ్బై, ఇటు డెబ్బై సెంటీమీటర్ల చొప్పున తీగ బల్ల కిందుగా వెళ్లింది. రెసిస్టర్‌ను సన్నని తీగ మొదలయ్యే చోట కాక, సిగ్నల్ అడుగున పెట్టాను. ఒక రోజు స్తంభం అడుగున, రెసిస్టర్‌కు ముందే, ఎనామెల్ గీసుకుపోయి రెండు తీగలు ఒకదానికొకటి తాకాయి. దారిలో ఉన్న నిరోధం మొత్తం 3 ఓములు. 12 వోల్టులను 3తో భాగిస్తే దాదాపు 4 ఆంపియర్లు. సరఫరా సామర్థ్యం 5 ఆంపియర్లు కనుక, దాని దృష్టిలో అది షార్ట్ సర్క్యూట్ కానే కాదు, మామూలు లోడు. అది ఏమాత్రం సంకోచించకుండా 47 వాట్ల శక్తిని ఆ వెంట్రుక లాంటి తీగలోకి పంపింది. మనం టాంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అంటే రెండు సోల్డరింగ్ ఐరన్ల వేడి, ప్లైవుడ్‌కూ థర్మోకోల్‌కూ ఆనుకుని ఉన్న తీగలో పుట్టింది. తీగ ఎర్రబడి తెగిపోయేలోపు కొండలో వేలెడు పొడవు గాడి కరిగిపోయింది, గది నిండా పొగ నిండింది. నేను గదిలోనే ఉన్నాను కనుక అది అక్కడితో ఆగింది.

ఆ రోజు నుంచి నేను సరఫరాలను చూసే చూపే మారింది. సిగ్నళ్లకు సంబంధించినంత వరకు, ఎంత ఎక్కువ కరెంటు ఇవ్వగలదన్నది సరఫరా గొప్పతనం కాదు; తప్పు జరిగినప్పుడు ఎంత తక్కువ దగ్గర ఆగిపోతుందన్నది దాని గొప్పతనం. ముప్పావు ఆంపియర్ అవసరానికి ఒక ఆంపియర్ సరఫరా సరైన కొలత. 5 ఆంపియర్లది ఆ తీగలకు ఆరు రెట్లు అదనపు ప్రమాదం.

ఆ జాలీ ఎస్.ఎం.పి.ఎస్. గురించి ఇంకొక్క మాట. దాని మీద తయారీదారు పేరు గానీ, మన దేశపు ప్రమాణాల గుర్తు గానీ లేవు. 230 వోల్టుల ఫేజ్, న్యూట్రల్ బిగించే స్క్రూలూ, 12 వోల్టులు తీసుకునే స్క్రూలూ ఒకే వరుసలో, పక్కపక్కనే, వేలు తగిలేంత బాహాటంగా ఉన్నాయి. పక్కన పెట్టేసిన తర్వాత విప్పి చూస్తే, సర్క్యూట్ బోర్డు మీద 230 వోల్టుల వైపున్న రాగి గీతకూ, 12 వోల్టుల వైపున్న రాగి గీతకూ మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. మంచి సరఫరాల్లో ఆ రెండు వైపుల మధ్య కనీసం ఐదారు మిల్లీమీటర్ల ఖాళీ స్థలం కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఒక్క భాగం కూడా ఉండదు, చాలావాటిలో బోర్డునే అక్కడ చీలికగా కోస్తారు. మన వానాకాలపు తేమా, కొన్నేళ్ల దుమ్మూ చేరితే రెండు మిల్లీమీటర్లు ఒక లెక్కలోవి కావు. ఇలాంటి సరఫరాలు గోడకు బిగించిన ఇనుప పెట్టెలో, మనుషులు ముట్టుకోని చోట, సరైన ఎర్త్‌తో ఉంటే ఉండవచ్చునేమో గానీ, పిల్లలు వంగి చేతులు పెట్టే బల్ల కింద ఉండకూడదు.

ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన విషయం చెప్పాలి. బొమ్మ రైలు భద్రత అంతా ఒక్క గోడ మీద నిలబడి ఉంది: సాకెట్టులోని 230 వోల్టులకూ, మన చేతికి తగిలే పట్టాలకూ, సిగ్నల్ స్తంభాలకూ మధ్య నేరుగా విద్యుత్ సంబంధం ఉండకూడదు. ట్రాన్స్‌ఫార్మర్‌లో రెండు తీగచుట్లు ఒకదానికొకటి తగలకుండా, అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే శక్తిని అందించడమే ఆ గోడ. ఆ గోడ లేని కాలం ఒకటి ఉండేది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఐరోపాలో కొన్ని బొమ్మ రైళ్లను, ఇంటి కరెంటును ఒక బల్బు గుండా పంపి నేరుగా పట్టాలకు ఇచ్చి నడిపేవారు. వోల్టేజి తగ్గినట్టే కనిపించేది, కానీ పట్టా ముట్టుకున్నవాడికి మొత్తం కరెంటు తగిలే అవకాశం ఉండేది. జర్మనీకి చెందిన మెర్క్లిన్ సంస్థ 1926లో ట్రాన్స్‌ఫార్మర్‌తో నడిచే 20 వోల్టుల పద్ధతికి మారింది. దాదాపు నూరేళ్ల కిందట వదిలేసిన ఆ ప్రమాదమే ఈ రోజు ఎల్.ఇ.డి. డ్రైవర్ల రూపంలో మళ్లీ మన బజారులోకి వచ్చిందన్నదే నా ఆందోళన. ఇంటి దీపాల కోసం అమ్మే చవక డ్రైవర్లలో చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. ఒక కెపాసిటర్ గుండానో, ఒకే తీగచుట్ట గుండానో వోల్టేజిని తగ్గిస్తారు. బల్బు పూర్తిగా ప్లాస్టిక్ తొడుగులో ఉంటుంది కాబట్టి అక్కడ అది చెల్లుతుంది. దాన్ని తెచ్చి సిగ్నల్‌కు తగిలిస్తే ఎల్.ఇ.డి. చక్కగానే వెలుగుతుంది, ఏ లోపమూ కనిపించదు, కానీ ఆ సిగ్నల్ స్తంభం సాకెట్టులోని ఫేజ్ తీగతో సమానం. "ఎల్.ఇ.డి. డ్రైవర్" అన్న పేరుతో అమ్మే దేన్నీ బొమ్మ రైలు దగ్గరికి రానివ్వకపోవడమే మంచిది.

ఒక మల్టీమీటర్ ఉన్నవారు చిన్న పరీక్ష చేసుకోవచ్చు. సరఫరాను సాకెట్టు నుంచి పూర్తిగా తీసేసి, మీటరును ఎక్కువ ఓములు కొలిచే స్థానంలో పెట్టి, ప్లగ్గు ఫేజ్, న్యూట్రల్ పిన్నులకూ, అవతలి 12 వోల్టుల తీగలకూ మధ్య కొలవాలి. ఏ పిన్నుకూ ఏ తీగకూ మధ్య అయినా ఒక విలువ స్థిరంగా కనిపించిందంటే ఆ సరఫరాను వాడకూడదు. ఏమీ కనిపించకపోతే గోడ ఉన్నదని ఒక సూచన మాత్రమే, ఆ గోడ బలమైనదనడానికి అది రుజువు కాదు. నియాన్ టెస్టర్‌తో చేసే పరీక్షను మాత్రం నమ్మకండి. ఎర్త్ లేని రెండు పిన్నుల మంచి అడాప్టర్లలో కూడా, రేడియో జోక్యాన్ని తగ్గించడానికి రెండు వైపుల మధ్య ఒక ప్రత్యేకమైన చిన్న కెపాసిటర్ పెడతారు. దాని గుండా అతి స్వల్పమైన కరెంటు వస్తుంది కనుక టెస్టర్ మసకగా వెలగవచ్చు, చేతి వెనుక వైపుతో తాకితే చిన్న జివ్వుమనే స్పర్శ కూడా తెలియవచ్చు. నాణ్యమైన దానిలో అది హానిచేయదు. పేరు లేని దానిలో ఆ కెపాసిటర్ ఏ రకానిదో ఎవరికీ తెలియదు.

మొదట వాడిన 16 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ గురించి మాట్లాడితే, నిర్మాణం రీత్యా అది చాలా భద్రమైన వస్తువు. బరువైన ఇనుప పలకల మీద చుట్టిన రెండు వేరు వేరు చుట్లు, అంతా మూసి ఉన్న పెట్టె, ఒక చతురస్రంలో మరో చతురస్రం ఉన్న రెట్టింపు ఇన్సులేషన్ గుర్తు, దాని పక్కన చిన్న రైలింజను బొమ్మ. ఐరోపా ఆటవస్తువుల ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఆ ఇంజను గుర్తు ఉంటుంది. పిల్లల ఆటవస్తువుల కోసమే ప్రత్యేకమైన ప్రమాణం ప్రకారం తయారైందని దాని అర్థం. పాత వస్తువుల దుకాణంలో అలాంటిది కనబడితే చేతికి తీసుకుని చూడదగినదే. చిక్కల్లా దాని వోల్టేజి స్వభావంతో వస్తుంది. 16 వోల్టుల ఏ.సి. అంటే ప్రతి తరంగపు శిఖరం 22.6 వోల్టులు. దాన్ని నాలుగు డయోడ్ల వంతెనతో డి.సి.గా మార్చి కెపాసిటర్ పెడితే సుమారు 21 వోల్టులు వస్తాయి. పైగా లోడు తక్కువగా ఉన్నప్పుడు ఈ ట్రాన్స్‌ఫార్మర్లు రాసి ఉన్నదానికంటే ఎక్కువే ఇస్తాయి. 12 వోల్టుల కోసం ఒక కిలో ఓము రెసిస్టర్ పెట్టిన ఎర్ర ఎల్.ఇ.డి.కి 10 మిల్లీఆంపియర్లు వెళ్లాలి. 21 వోల్టుల దగ్గర 19 వెళతాయి. సాధారణ ఎల్.ఇ.డి. భరించగల గరిష్ఠం 20. ఆ రెసిస్టర్‌లో ఖర్చయ్యే శక్తి 0.36 వాట్లు, అందరం వాడే రెసిస్టరేమో పావు వాటుది. దీపం వెలుగుతూనే ఉంటుంది, రెసిస్టర్ మాత్రం నెమ్మదిగా గోధుమరంగులోకి మాడుతూ ఉంటుంది. నా సిగ్నళ్లలో రెండింటికి ఇదే జరిగింది. డయోడ్ల వంతెన లేకుండా నేరుగా ఏ.సి. ఇస్తే ఇంకొక సమస్య: ప్రతి అర తరంగంలోనూ ఎల్.ఇ.డి. మీద వ్యతిరేక దిశలో వోల్టేజి పడుతుంది, అది సుమారు 5 వోల్టుల కంటే ఎక్కువ భరించలేదు. వీస్‌మన్ వంటి జర్మన్ సంస్థల సిగ్నళ్లు 16 వోల్టుల కోసమే తగిన రెసిస్టర్లూ డయోడ్లతో వస్తాయి కాబట్టి అవి వాడేవారికి ఈ ట్రాన్స్‌ఫార్మరే సరైనది. సొంతంగా సిగ్నళ్లు చేసుకునేవారికీ, 12 వోల్టులని రాసి ఉన్నవి కొనుక్కునేవారికీ ఇది తగదు.

పాత ట్రాన్స్‌ఫార్మర్లు రెండు ఉన్నవారికి ఒక హెచ్చరిక. కరెంటు చాలడం లేదని రెండింటి ఏ.సి. తీగలను కలపవద్దు. ట్రాన్స్‌ఫార్మర్ రెండు దిశల్లోనూ పనిచేస్తుంది. కలిపిన రెండింటిలో ఒకదాని ప్లగ్గును సాకెట్టు నుంచి బయటికి లాగితే, రెండవదాని నుంచి వచ్చే 16 వోల్టులు మొదటిదానిలోకి వెనుక నుంచి వెళ్లి, మన చేతిలో ఉన్న ఆ ప్లగ్గు పిన్నుల మీద దాదాపు 230 వోల్టులుగా బయటికి వస్తాయి. ప్లగ్గు తీసేశాం కదా అని నిశ్చింతగా దాన్ని పట్టుకునేది ఇంట్లోని పిల్లలే.

మూడవది అడాప్టర్. ఒక ఆంపియర్ అడాప్టర్ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేకపోవడమే దాని గుణం. 230 వోల్టులున్న భాగం ఏదీ మనకు అందదు, స్క్రూలు లేవు, ఎర్త్ అవసరం లేదు, ఒక రంధ్రం ఉన్న గుండ్రని పిన్ను ద్వారా 12 వోల్టులు వస్తాయి, ఆ పిన్నుకు సరిపోయే సాకెట్టును బల్ల అంచున బిగించుకుంటే పని అయిపోయినట్టే. నా దానికి లోడు లేనప్పుడు 12.1, అన్ని సిగ్నళ్లూ వెలిగినప్పుడు 11.9 వోల్టులు కొలిచాను. కావాలని షార్ట్ చేసి చూస్తే వెంటనే ఆగిపోయి, షార్ట్ తీసేయగానే మళ్లీ వచ్చింది. ఏడాదికి పైగా వాడాను. గోరువెచ్చగా కూడా కాలేదు.

దాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసినది వెనుక అతికించిన చీటీ. 2012లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు పరిధిలోకి తర్వాతి కాలంలో పవర్ అడాప్టర్లు కూడా చేరాయి. అందువల్ల భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) గుర్తూ, ఐ.ఎస్. 13252 వంటి ప్రమాణం సంఖ్యా, ఆర్ అనే అక్షరం తర్వాత ఎనిమిది అంకెల రిజిస్ట్రేషన్ సంఖ్యా చీటీ మీద ఉండాలి. గుర్తును ఎవరైనా ముద్రించుకోగలరు. కాబట్టి ఆ సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి, తయారీదారు పేరు చీటీ మీద ఉన్న పేరుతో కలుస్తోందో లేదో చూడటం ముఖ్యం. నేను దుకాణంలో నిలబడే మూడు అడాప్టర్లను అలా చూశాను. ఒకదాని సంఖ్యకు జవాబే రాలేదు. దాన్ని తిరిగి ఇచ్చేశాను, దుకాణదారు కూడా అభ్యంతరం చెప్పలేదు. చీటీ మీద ఎల్.పి.ఎస్. అని ఉంటే మరీ మంచిది. ఏ లోపం వచ్చినా ఆ సరఫరా నుంచి వెలువడే శక్తికి ప్రమాణమే ఒక హద్దు విధించిందని దాని అర్థం. పాత రౌటర్‌తో వచ్చిన అడాప్టర్ ఇంట్లో పడి ఉంటే, దాని తీగ చిట్లకుండా, పెట్టె పగలకుండా ఉంటే, కొత్తది కొనవలసిన అవసరమే లేదు.

అంత తృప్తిగా ఉన్నదాన్ని వదిలి నాలుగవదానికి ఎందుకు వెళ్లానంటే, బల్లను గోడ వెంట మరో ఆరడుగులు పొడిగించి, సిగ్నళ్లనూ రిలేలనూ రెట్టింపు చేసే ఉద్దేశం కలిగింది. లెక్క వేస్తే ఒకటిన్నర ఆంపియర్ వచ్చింది. 1982లో తైవాన్‌లో మొదలైన మీన్ వెల్ సంస్థ పరిశ్రమల కోసం తయారుచేసే సరఫరాల్లో హెచ్.డి.ఆర్-30-12 అన్నది 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, అంటే 24 వాట్లు ఇస్తుంది. వెడల్పు 35 మిల్లీమీటర్లు. మన ఇళ్లలో ఎం.సి.బి.లు (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చులు) బిగించే లోహపు పట్టీ మీదే దీన్నీ నొక్కి కూర్చోబెట్టవచ్చు. నన్ను ఆకర్షించిన విషయం ఏమిటంటే ఇది రెట్టింపు ఇన్సులేషన్ తరగతికి చెందినది, ఎర్త్ మీద ఆధారపడదు. మన ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్టు ఉన్నంత మాత్రాన దాని వెనుక ఎర్త్ తీగ ఉన్నట్టు కాదని పాత ఇళ్లలో ఉండేవారందరికీ తెలుసు. జాలీ రకపు సరఫరాల లోహపు పెట్టె భద్రత ఆ ఎర్త్ మీదే ఆధారపడి ఉంటుంది. అది లేని ఇంట్లో లోపల తీగ ఊడి పెట్టెకు తగిలితే పెట్టె మొత్తం ఫేజ్ అవుతుంది. హెచ్.డి.ఆర్.లో పెట్టె ప్లాస్టిక్‌ది, 230 వోల్టుల స్క్రూలు ఒక అంచున, 12 వోల్టులవి వాటికి దూరంగా రెండో అంచున, లోతైన గుంటల్లో వేలు తగలకుండా ఉంటాయి. ముందు భాగాన 12 వోల్టులు వస్తున్నాయని చెప్పే చిన్న ఆకుపచ్చ దీపం, వోల్టేజిని కొద్దిగా సవరించుకునే మర ఉన్నాయి. ఆ మరను 10.8 వోల్టుల దగ్గరికి తగ్గించి పెట్టుకున్నాను. సిగ్నళ్ల వెలుగు ఒక మెట్టు తగ్గి, సాయంకాలపు స్టేషన్‌లా కనిపిస్తోంది. ఏడు నెలలుగా ఏ చిక్కూ లేదు.

అయినా దీన్ని అందరికీ సిఫారసు చేయలేను. ఇది సాకెట్టులో గుచ్చుకుని వాడుకునే గృహోపకరణం కాదు, ఒక పెద్ద పరికరంలో భాగంగా అమర్చడానికి ఉద్దేశించిన వస్తువు. గుంటల్లో ఉన్నా స్క్రూలు స్క్రూలే. 230 వోల్టుల తీగను మనమే ఒలిచి బిగించాలి, దానిని మూత ఉన్న ప్లాస్టిక్ ఎం.సి.బి. పెట్టెలో ఉంచాలి, లోపలికి వచ్చే తీగను ఎవరైనా లాగినా ఊడకుండా బిగింపు వేయాలి. నేను ఆ పనిని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేయించాను. అతడి కూలీ, పెట్టె, పట్టీ అన్నీ కలిపితే సరఫరా ధర దాటిపోయింది. కరెంటు పనులు తెలియనివారు, ఒక ఆంపియర్‌తో సరిపడేవారు ఆ ఖర్చు పెట్టవలసిన పనిలేదు. రెండు ఆంపియర్లు కావలసి వచ్చి, తీగల పని చేయలేనివారు రెండు ఒక ఆంపియర్ అడాప్టర్లు కొని, బల్ల కుడి సగానికి ఒకటి, ఎడమ సగానికి ఒకటి విడివిడిగా ఇవ్వడం నా దృష్టిలో ఇంకా మంచి పద్ధతి. ఒకటి పోయినా సగం స్టేషన్ వెలుగుతూనే ఉంటుంది.

ఏ సరఫరా వాడినా తీగల వైపు ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఒక ఆంపియర్ కూడా 0.1 మిల్లీమీటరు తీగకు ఎక్కువే. అందుకని ప్రతి మూడు నాలుగు సిగ్నళ్ల గుంపుకూ 0.2 ఆంపియర్ల పాలీఫ్యూజు ఒకటి పెట్టాను. బటాణీ గింజంత ఉండే ఈ పసుపుపచ్చ బిళ్ల, కరెంటు దాదాపు రెట్టింపు దాటితే వేడెక్కి దారిని మూసేస్తుంది, షార్ట్ తీసి కాసేపు చల్లారనిస్తే మళ్లీ తనంతట తానే పనిచేస్తుంది. ఒక్కొక్కటి కొన్ని రూపాయలు మాత్రమే. రెసిస్టర్‌ను కూడా ఇప్పుడు సిగ్నల్ అడుగున కాక, సన్నని తీగ మొదలయ్యే చోటనే పెడుతున్నాను. ఇక తీగలు ఎక్కడ తాకినా రెసిస్టర్ గుండా వచ్చే రెండు మూడు మిల్లీఆంపియర్లే వాటిలో ప్రవహిస్తాయి. నా థర్మోకోల్ కొండ కరిగిన రోజున ఈ ఒక్క మార్పు ఉండి ఉంటే ఏమీ జరిగేది కాదు. సొంతంగా సిగ్నళ్లు చేసుకునేవారు సరఫరా కొనడానికి ముందే ఈ మార్పు చేసుకోవాలని నా మనవి.

పాయింట్లను (పట్టాలు రెండుగా చీలే చోట్లను) మార్చే సొలెనాయిడ్ మోటార్లను, అంటే తీగచుట్టతో లాగే మోటార్లను, సిగ్నళ్ల సరఫరా మీద పెట్టవద్దు. అవి ఒక్క క్షణంలో కొన్ని ఆంపియర్లు లాగుతాయి, అప్పుడు సిగ్నళ్లన్నీ మినుకుమంటాయి. కరెంటు తెగిన క్షణంలో ఆ తీగచుట్ట వెనక్కి తన్నే వోల్టేజి ఎల్.ఇ.డి.లనూ, వాటిని నడిపే చిన్న బోర్డులనూ చంపుతుంది. రైలింజన్లు నడిపే కంట్రోలర్ పక్కన ఉండే అదనపు తీగల నుంచి సిగ్నళ్లకు తీసుకోవడం కూడా అంతే. ఇంజను పట్టా తప్పి షార్ట్ అయినప్పుడు సిగ్నళ్లు కూడా ఆరిపోతే, సిగ్నళ్లు ఉండి ఏం లాభం? మన రైల్వేలు కూడా సిగ్నళ్లకు 110 వోల్టుల ఏ.సి.ని ఇంజన్లు నడిపే కరెంటుకు సంబంధం లేకుండా వేరుగా పంపుతాయి. బల్బుల కాలంలో ప్రతి సిగ్నల్ దగ్గర ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 12 వోల్టులకు దించేది. రైల్వే సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ సంస్థ 1957 నుంచి మా సికింద్రాబాదులోనే ఉంది. ఆ పద్ధతి గురించి మొదటిసారి విన్నప్పుడు, నా బల్ల మీది 12 వోల్టులకూ నిజం సిగ్నల్ దీపానికి చేరే 12 వోల్టులకూ ఉన్న పోలిక చూసి ఎంతో సంతోషించాను.

చేయి పైకీ కిందికీ కదిలే పాతకాలపు సెమాఫోర్ సిగ్నళ్ల చేతులను సర్వో అనే చిన్న మోటార్లతో కదిలించాలనుకునేవారికి 5 వోల్టులు కావాలి. దానికి ఫోన్ చార్జర్ లాంటి వేరే 5 వోల్టుల అడాప్టర్‌ను, అదే రిజిస్ట్రేషన్ సంఖ్య చూసి తీసుకుంటే సరిపోతుంది. దాని పిన్ను 12 వోల్టుల సాకెట్టులో పట్టకుండా వేరే కొలతది ఎంచుకోవాలి. నేను బల్ల అంచున రెండు సాకెట్టుల చుట్టూ రెండు రంగుల పెయింటు వేసి, మా అమ్మాయి చదవగలిగేలా పెద్ద తెలుగు అక్షరాలతో వోల్టులు రాశాను.

ఇప్పుడు నా బల్ల దగ్గర అమరిక ఇలా ఉంది. మొత్తం గదికి 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు మనిషి గుండా గానీ ఎర్త్‌కు గానీ కారితే వెంటనే ఆపేసే స్విచ్చు) ఒకటి పెట్టించాను, ఎందుకంటే ఎం.సి.బి. తీగలను కాపాడుతుందే గానీ మనిషిని కాపాడదు. హెచ్.డి.ఆర్. ఉన్న ప్లాస్టిక్ పెట్టె బల్ల కింద కాక, గోడకు ఐదడుగుల ఎత్తున ఉంది. అక్కడి నుంచి బల్ల వరకు వచ్చేది 12 వోల్టుల తీగ మాత్రమే, 230 వోల్టులున్న ఏ తీగా బల్ల దరిదాపుల్లోకి రాదు. పక్కనే ఒక స్విచ్చు ఉంది. గది వదిలి వెళ్లేవారు ఎవరైనా దాన్ని ఆపాలి. ఆకుపచ్చ దీపం ఆరిందో లేదో తలుపు దగ్గర నుంచే కనిపిస్తుంది. అడాప్టర్‌ను పారేయలేదు, మా అక్కయ్య కొడుకు వరంగల్‌లో నాలుగు సిగ్నళ్లతో మొదలుపెట్టిన బల్లకు ఇచ్చాను, ఒక పాలీఫ్యూజు కూడా జతచేసి.